గ్రీన్ కార్డుకు స్పాన్సర్ ఆదాయం: ఎంత ఉండాలి, ఎవరిది లెక్కకొస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. అమెరికాలో ఉన్నవాళ్ళు ఇండియాలో ఉన్న భార్యకో భర్తకో గ్రీన్ కార్డు పెట్టుకున్నారు, పిటిషన్ అప్రూవ్ అయింది, తీరా అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, అంటే ఐ-864 ఫారం, దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. ఈ ఐ-864 ఫారం సంగతి తెలియనివాళ్ళ కోసం ముందుగా రెండు ముక్కలు. 1996లో చేసిన చట్టం ప్రకారం, కొత్తగా వచ్చే మనిషి ప్రభుత్వ సాయం మీద ఆధారపడకుండా నేను చూసుకుంటానని స్పాన్సర్ సంతకం పెట్టాలి. అలా చూసుకోగలిగే ఆదాయం ఉందని కాగితాలతో చూపించాలి. ఎంత ఉండాలంటే, అక్కడి ప్రభుత్వం ఏటా ప్రకటించే పేదరికపు గీత మొత్తంలో 125 శాతం. 2025 లెక్క ప్రకారం ఇద్దరున్న కుటుంబానికి 26,437 డాలర్లు, ముగ్గురికి 33,312, నలుగురికి 40,187. అలాస్కా, హవాయిలకు ఇంకా ఎక్కువ. సైన్యంలో యాక్టివ్ డ్యూటీలో ఉన్నవాళ్ళు భార్యకో పిల్లలకో పెడితే వాళ్ళకు 100 శాతం చాలు. ఈ అంకెలు ప్రతి ఏడాదీ మారతాయి కాబట్టి మీరు ఫారం నింపే రోజున ఐ-864పీ అనే పట్టిక తీసి చూసుకోండి, నిరుడు ఎవరో చెప్పిన అంకె పట్టుకుని కూర్చోవద్దు.

ప్రశ్న: నేను అమెరికన్ సిటిజన్‌ని, డాలస్‌లో అమ్మానాన్నలతో ఉంటాను. మావారు గుంటూరులో ఉన్నారు. నిరుడు చదువుకుంటూ పార్ట్ టైమ్ చేశాను కాబట్టి నా ట్యాక్స్ రిటర్న్‌లో 14,200 డాలర్లే కనిపిస్తుంది. ఈ ఏడాది మార్చిలో ఫుల్ టైమ్ ఉద్యోగం వచ్చింది, రెండు వారాలకు 1,500. ఆదాయం తక్కువని కేసు తిప్పి పంపిస్తారేమోనని నాన్న తన డబ్బు నా అకౌంట్లో వేస్తానంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: నాన్నగారిని డబ్బు వేయొద్దని చెప్పమ్మా, ముందు ఆ పని ఆపండి. నీ కేసులో అసలు చిక్కే లేదు. ఆ ఫారంలో ప్రధానంగా అడిగేది ఇప్పుడు నీ వార్షికాదాయం ఎంత అని, నిరుడు ఎంత వచ్చిందని కాదు. రెండు వారాలకు 1,500 అంటే ఏడాదికి 26 జీతాలు, 39,000 డాలర్లు. (చాలామంది నెలకు రెండు జీతాలే కదా అని 24తో గుణిస్తారు, అక్కడే మూడు వేలు పోగొట్టుకుంటారు.) నీకు కావాల్సింది, 2025 లెక్కలో, ఇద్దరి కుటుంబానికి 26,437. అమ్మానాన్నలతో ఒకే ఇంట్లో ఉంటున్నావు కాబట్టి నలుగురు అనుకుంటున్నావేమో, కాదు. ఇంట్లో ఎంతమంది పడుకుంటున్నారన్నది ఇక్కడ లెక్క కాదు. నువ్వు, నీ భర్త, నీకు పిల్లలుంటే పిల్లలు, నీ ట్యాక్స్ రిటర్న్‌లో నీ మీద ఆధారపడినవాళ్ళుగా చూపించినవాళ్ళు, ఇంతకు ముందు నువ్వు ఇదే ఫారం పెట్టి తెచ్చుకున్నవాళ్ళు ఇంకా నీ బాధ్యతలో ఉంటే వాళ్ళు. అంతే. అమ్మానాన్నలు నీ మీద ఆధారపడినవాళ్ళు కాకపోతే వాళ్ళు నీ లెక్కలోకి రారు.

ఇక నిరుటి రిటర్న్ పెట్టకుండా ఉండలేవు, అది తప్పనిసరి. కానీ దాని పక్కనే కంపెనీ వాళ్ళు ఇచ్చిన ఉత్తరం పెట్టు, అందులో చేరిన తేదీ, హోదా, జీతం, ఫుల్ టైమ్ అన్న మాట ఉండాలి. ఆరు నెలల పే స్టబ్స్ పెట్టు, ఆరు నెలలు కాకపోతే చేరినప్పటి నుంచి ఉన్నవన్నీ పెట్టు. నిరుడు చదువుతున్నందువల్ల ఆదాయం తక్కువ, ఫలానా తేదీ నుంచి ఉద్యోగం అని నాలుగు వాక్యాల్లో ఒక చిన్న ఉత్తరం రాసి జత చెయ్యి. ఫైల్ చూసే ఆఫీసర్‌కు 14,200 ఎందుకు, 39,000 ఎలా అన్న ప్రశ్నకు జవాబు అదే ఫైల్లో దొరకాలి, లేకపోతే ఆ ప్రశ్న ఇంటర్వ్యూలో మీ ఆయనకు ఎదురవుతుంది, ఆయనకేమో నీ జీతం సంగతి సగమే తెలుసు.

ఇంకొక్క మాట, ట్యాక్స్ రిటర్న్ జిరాక్సు పెడితే డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పట్టుకున్న ట్యాక్స్ చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితాలు) కూడా జత చేయాలి. అంతకంటే అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్ వెబ్‌సైట్ నుంచి రిటర్న్ ట్రాన్స్‌క్రిప్ట్ (రిటర్న్ వివరాల నకలు) దించుకోవడం మేలు, డబ్బు తీసుకోరు. మా ఆవిడ కేసులో నేను డబ్ల్యూ-2 జత చేయడం మర్చిపోయి, ఆ ఒక్క కాగితం కోసం వారాల తరబడి ఎదురుచూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ప్రశ్న: నాకు గ్రీన్ కార్డు ఉంది, న్యూజెర్సీలో సొంత కారుతో రైడ్స్, డెలివరీలు చేస్తాను. నిరుడు 46,000 డాలర్లు వచ్చాయి. పెట్రోలు, మైలేజీ, ఇన్సూరెన్స్ అన్నీ తీసేసి ట్యాక్స్‌లో 19,000 చూపించాం. నా భార్య కరీంనగర్‌లో ఉంది. ఫారంలో 46,000 రాయొచ్చా? నా పేరు మీద అక్కడ ఒక ప్లాటు కూడా ఉంది.
– ఒక పాఠకుడు, ఎడిసన్

జవాబు: రాయకూడదండి. సొంతంగా పని చేసుకునేవాళ్ళకు ఖర్చులు పోగా మిగిలిందే ఆదాయం. మీరు రిటర్న్‌తో పాటు పెట్టే షెడ్యూల్ సీలో (సొంత పని రాబడి, ఖర్చులు చూపే పేజీ) ఆ 19,000 కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంటే ఫారంలో 46,000 ఉంటే ఏమనుకుంటారు చెప్పండి. ట్యాక్స్ కట్టేటప్పుడు తక్కువ, స్పాన్సర్ చేసేటప్పుడు ఎక్కువ చూపించడం కుదరదు. ఇది నాకు కూడా బాధగానే ఉంటుంది, ఎందుకంటే మీరు నిజంగానే పొద్దున్నుంచి రాత్రిదాకా తిరిగి సంపాదించిన డబ్బు అది. అయినా రూలు రూలే.

2025 అంకెల్లో ఇద్దరి లెక్కకు 26,437 కావాలి, మీ దగ్గర 19,000 ఉంది, లోటు 7,437. ఈ లోటును ఆస్తితో పూడ్చుకోవచ్చు. అమెరికన్ సిటిజన్ తన భార్యకో భర్తకో పెడితే లోటుకు మూడు రెట్లు ఆస్తి చూపించాలి, మీలా గ్రీన్ కార్డు మీద పెడితే అయిదు రెట్లు. అంటే సిటిజన్‌కు 22,311 డాలర్లు సరిపోయేచోట మీకు 37,185 కావాలి. ఆస్తి మీదైనా కావచ్చు, మీ భార్యదైనా కావచ్చు.

ఇప్పుడు ఆ కరీంనగర్ ప్లాటు. పెట్టొచ్చు, ఇండియాలో ఉన్నందుకు పనికిరాదనే రూలేమీ లేదు. కానీ ఏడాది లోపల పెద్ద నష్టం లేకుండా అమ్మి డబ్బు చేసుకోగలిగేది అయ్యుండాలి, ఆ డబ్బు దేశం దాటించుకోగలగాలి. రిజిస్ట్రేషన్ దస్తావేజు, ఈసీ, వాల్యుయర్ ఇచ్చిన రిపోర్టు, దాని మీద అప్పు ఉంటే ఆ అప్పు తీసేశాక మిగిలే విలువ, ఇవన్నీ చూపించాలి. తెలుగులో ఉన్న దస్తావేజుకు ఇంగ్లీష్ అనువాదం జత చేయాలి. అన్నదమ్ముల ఉమ్మడిలో ఉన్న భూమి, కోర్టులో ఉన్న స్థలం, అమ్మకూడని అసైన్డ్ భూమి పెట్టి లాభం లేదు. నన్నడిగితే ప్లాటు ఒక్కదాని మీదే కేసు నిలబెట్టొద్దంటాను. బ్యాంకులో ఉన్న డబ్బు, ఎఫ్‌డీలు అయితే చూపించడం తేలిక. బ్యాంకు ఉత్తరంలో అకౌంటు ఎప్పుడు తెరిచారు, ఏడాదిలో ఎంత జమ అయింది, ఇప్పుడు ఎంత ఉంది అని ఉండాలి. ఇంటర్వ్యూకు పది రోజుల ముందు ఎవరి దగ్గరో తెచ్చి వేసిన పది లక్షలు అందులో ఇట్టే తెలిసిపోతాయి. నడుపుతున్న కారును ఆస్తిగా చూపించాలంటే మీకు ఇంకో కారు ఉండాలి.

అయినా మీకు ఒక వెసులుబాటు ఉంది, అది చాలామంది గమనించరు. ఐ-864 మొదటి పిటిషన్‌తో పాటు ఇచ్చేది కాదు. ఇండియాలో ఉన్నవాళ్ళ కేసులో పిటిషన్ అప్రూవ్ అయ్యాక ఎన్‌వీసీ (ఇంటర్వ్యూకు ముందు కాగితాలు చూసే అమెరికా నేషనల్ వీసా సెంటర్) అడిగినప్పుడు ఇవ్వాలి, గ్రీన్ కార్డు మీద పెట్టినవాళ్ళకు మధ్యలో వీసా నంబరు కోసం ఎదురుచూపు కూడా ఉంటుంది. ఆ లోపల ఒక డబ్ల్యూ-2 ఉద్యోగం చూసుకోగలిగితే, లేదా ఈలోగా మీకు సిటిజన్‌షిప్ వచ్చేస్తే, ఈ అయిదు రెట్ల తలనొప్పి చాలావరకు తగ్గిపోతుంది.

ప్రశ్న: మా ఆయన సిటిజన్, ప్రస్తుతం ఉద్యోగం లేదు. వాళ్ళ తమ్ముడు హెచ్-1బీ మీద మంచి జీతంతో ఉన్నాడు, జాయింట్ స్పాన్సర్‌గా ఉంటానంటున్నాడు. కుదరకపోతే ఫ్యామిలీ ఫ్రెండ్ ఒకాయన సిటిజన్, ఆయన్ని అడగాలా? సంతకమే కదా, ఆయనకేం కాదు కదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మరిదికి ఎంత జీతం ఉన్నా హెచ్-1బీ మీద జాయింట్ స్పాన్సర్ (అసలు స్పాన్సర్ ఆదాయం చాలనప్పుడు తోడుగా సంతకం పెట్టే మనిషి) కాలేడండి. సిటిజన్ గానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు గానీ అయ్యుండాలి, 18 ఏళ్ళు నిండాలి, అమెరికాలో స్థిరనివాసం ఉండాలి. చుట్టరికం ఉండనక్కర్లేదు, కాబట్టి ఫ్రెండ్ పనికొస్తారు. ఆయన ఆదాయం ఒక్కటే పూర్తిగా సరిపోవాలి, మీ ఆయనది కొంత, ఆయనది కొంత కలపడం కుదరదు. ఆయన ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నారనుకుందాం. వాళ్ళు నలుగురు, మీతో అయిదుగురు. 2025 లెక్కలో అయిదుగురికి 47,062 డాలర్లు. అలాగే జాయింట్ స్పాన్సర్ దొరికాడు కదా అని మీ ఆయన తప్పుకోలేరు, ఆదాయం సున్నా అయినా సరే ఆయన తన ఐ-864 తాను ఇవ్వాల్సిందే.

ఇక సంతకమే కదా అన్న మాట. దయచేసి ఆ ఫ్రెండ్‌తో అలా చెప్పి సంతకం పెట్టించుకోవద్దు. అది చట్టబద్ధమైన కాంట్రాక్టు. మీరు సిటిజన్ అయ్యేదాకా, లేదా మీ ఖాతాలో 40 క్వార్టర్ల పని పడేదాకా (దాదాపు పదేళ్ళ ఉద్యోగం అనుకోండి), లేదా మీరు గ్రీన్ కార్డు వదిలేసి శాశ్వతంగా వెనక్కి వచ్చేసేదాకా ఆయన బాధ్యత ఉంటుంది. మీరు ఆ మధ్యలో మెడికెయిడ్ (పేదలకు ప్రభుత్వం ఇచ్చే వైద్య సాయం), ఫుడ్ స్టాంపుల వంటి సాయం తీసుకుంటే, ఇచ్చిన ఏజెన్సీ ఆ డబ్బు ఆయన్ని అడగొచ్చు. ఆదాయం లేక మీరే కోర్టుకు వెళ్ళి 125 శాతం దాకా పోషణ ఇప్పించమనీ అడగొచ్చు. విడాకులైనా ఇది పోదు. మీరూ మీ ఆయనా విడిపోయారనుకోండి (అలా జరగకూడదనే కోరుకుంటాను), మీ ఆయన మీదా, ఆ ఫ్రెండ్ మీదా కూడా ఈ బాధ్యత అలాగే ఉంటుంది. ఆయన ఇల్లు మారినా 30 రోజుల్లో ఐ-865 ఫారంతో అడ్రసు తెలియజేయాలి, లేకపోతే జరిమానా పడొచ్చు.

ఇంత విన్నాక ఆయన వద్దంటే మనసు కష్టపెట్టుకోకండి, ఆయనకూ పిల్లలున్నారు. ఒప్పుకుంటే మాత్రం ఆయన భార్య కూడా విని ఒప్పుకున్నాకే ముందుకెళ్ళండి. ట్యాక్స్ కాగితాలు ఇంకొకరి చేతిలో పెట్టడానికి చాలామంది మొహమాటపడతారు, కాబట్టి ఆయన ఫైలు ఆయన్నే తయారు చేసుకోమని, మీరు అప్‌లోడ్ మాత్రం చేస్తామని చెప్పండి. ఇంకో సంగతి, మీ ఆయన అమ్మానాన్నలతో గానీ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళతో గానీ ఒకే ఇంట్లో ఉంటుంటే వాళ్ళ ఆదాయాన్ని ఐ-864ఏ అనే ఫారంతో ఆయన ఆదాయానికి కలుపుకోవచ్చు. ఫ్రెండ్ దగ్గరికి వెళ్ళే ముందు ఆ దారి ఒకసారి చూడండి.

ప్రశ్న: నేను అమెరికాలో పుట్టాను, అయిదేళ్ళుగా హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇక్కడే పెళ్ళయింది. నెలకు రెండు లక్షల జీతం. ఇది చాలుతుందా? ఇక్కడే ఉన్నాను కాబట్టి అమెరికాకు ట్యాక్స్ రిటర్న్‌లు వేయలేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: జీతం అంకె ఆ గీతకు దగ్గర్లోనే ఉంది, ఫారం నింపే రోజు డాలర్ రేటుతో లెక్క చూసుకోండి, కానీ అమెరికా వెళ్ళాక కూడా అదే ఉద్యోగం, అదే జీతం కొనసాగుతుందని కంపెనీ రాసిస్తేనే అది లెక్కకొస్తుంది. రాసివ్వకపోతే ఆస్తులో, జాయింట్ స్పాన్సరో చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు ఆ రిటర్న్‌ల సంగతి తేల్చుకోండి. సిటిజన్లు ఎక్కడున్నా, ఆదాయం పరిమితి దాటితే, అమెరికాలో రిటర్న్ వేయాలి. విదేశీ ఆదాయానికి మినహాయింపు ఉంది కాబట్టి మీ జీతం మీద కట్టాల్సింది బహుశా ఏమీ ఉండదు, కానీ ఆ మినహాయింపు పొందాలన్నా రిటర్న్ వేయాల్సిందే. ఇండియా, అమెరికా ట్యాక్స్ రెండూ తెలిసిన సీపీఏతో (అక్కడి ఆడిటర్‌తో) పాతవి వేయించేయండి, ఎన్‌వీసీ అడిగేదాకా ఆగొద్దు.

రెండోది, స్పాన్సర్‌కు స్థిరనివాసం అమెరికాలో ఉండాలి. మీకిప్పుడు లేదు కాబట్టి భార్యతో పాటో, ఆమె కంటే ముందో అక్కడికి తిరిగి వెళ్ళి స్థిరపడతారని చూపించాలి. అక్కడి బ్యాంకు అకౌంటు, ఓటరు రిజిస్ట్రేషన్, ఇంటి అద్దె ఒప్పందం లేదా ఫలానా బంధువుల ఇంట్లో దిగుతామని వాళ్ళు రాసిన ఉత్తరం, ఉద్యోగం కోసం పంపిన అప్లికేషన్లు, ఇక్కడ నోటీసు ఇచ్చి ఉంటే ఆ కాగితం. వీటిలో మూడు నాలుగైనా ఇప్పటి నుంచే పోగు చేసుకోండి, ఇంటర్వ్యూ తేదీ వచ్చాక మొదలుపెడితే అన్నీ నిన్న మొన్నటి తేదీలతోనే ఉంటాయి.