పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషది లాంటి చిన్న కమ్యూనిటీలో డెవలపర్‌గా ఉండటం ఎలా ఉంటుంది? సీపాన్‌లో, అంటే పెర్ల్ కోడ్‌ని అందరూ పంచుకునే భాండాగారంలో, మాడ్యూల్ ఒకటి మీద వేసుకుంటే ఎంత పని?

కొత్తవాళ్లకి చోటుంటుందా అన్న సందేహం ముందు తీర్చేస్తాను. ఉంటుంది. మనుషులు తక్కువై పని ఎక్కువైన చోట చేయి వేస్తానన్నవాళ్లని ఎవరూ వద్దనరు. ప్రశ్నలో రెండో సగమే అసలుది. ఇక్కడ మీ పేరు నిలిచేదీ పోయేదీ మీరు చేసే రిలీజుల దగ్గరే. కాబట్టి జవాబులో ఎక్కువ భాగం దానికే.

ల్యారీ వాల్ పెర్ల్‌ని 1987 డిసెంబర్‌లో విడుదల చేశారు. సీపాన్ 1995లో మొదలైంది. ఇప్పుడు అందులో 2 లక్షలకు పైగా మాడ్యూళ్లున్నాయి. రాసినవాళ్లు వేలల్లో ఉన్నా, మిగతావాటికి పునాదిలా ఉన్న మాడ్యూళ్లని ఈ రోజుకీ చూసుకుంటున్నవాళ్లు కొద్దిమందే. అందుకే తరచూ ఒకరినొకరు పాజ్ ఐడీలతో పిలుచుకుంటారు. పాజ్ అంటే సీపాన్‌కి అప్‌లోడ్ చేసే సర్వర్. అక్కడ తీసుకున్న ఐడీ తర్వాత మీ పేరైపోతుంది, కాస్త ఆలోచించి ఎంచుకోండి.

ఇంకో మాట కూడా ముందే తెలియాలి: సీపాన్ నది. 2015లో బెర్లిన్‌లో టూల్‌చెయిన్ మనుషులు (మాడ్యూళ్లని కట్టే, పరీక్షించే, ఇన్‌స్టాల్ చేసే పరికరాలు చూసుకునేవాళ్లు) కలిసినప్పటి నుంచి ఈ మాట వాడుకలో ఉంది. మీ మాడ్యూల్ మీద వేరే ఏవీ ఆధారపడకపోతే మీరు దిగువన, సముద్రం దగ్గర ఉన్నట్టు. వందలూ వేలూ ఆధారపడితే ఎగువన ఉన్నట్టు. దిగువన ఏం ప్రయోగం చేసినా మీకే నష్టం. ఎగువన ఒక చిన్న తప్పు పడితే కింద ఊళ్లన్నిటికీ అవే నీళ్లు. ఒక మాడ్యూల్ బాధ్యత ఒప్పుకునే ముందు దాని మీద ఎన్ని ఆధారపడి ఉన్నాయో మెటాసీపాన్‌లో, అంటే సీపాన్‌ని వెతికే సైట్‌లో చూడండి. ఆ సంఖ్యని బట్టే మీ జాగ్రత్త ఉండాలి.

సొంత మాడ్యూల్‌తో మొదలుపెట్టొద్దని నా సలహా. మీరు రోజూ వాడే మాడ్యూల్ ఒకటి తీసుకుని, దాని టెస్టర్ రిపోర్టుల్లో ఎర్రగా ఉన్నవి, అంటే ఫెయిలైనవి చూసి, ఒక దానికి ప్యాచ్ (సరిచేసిన కోడ్ మార్పు) పంపండి. ప్యాచ్‌లో ఒకటే విషయం ఉండాలి. ప్యాచ్ వేయకముందు ఫెయిలై, వేశాక పాసయ్యే టెస్టు కూడా దానితో ఉండాలి. పనిలో పనిగా కోడ్ మొత్తానికి పెర్ల్‌టైడీ (కోడ్‌ని తీరుగా సర్దే పరికరం) కొట్టి పంపితే రచయిత తేడా చూడలేక పక్కన పెట్టేస్తారు. వెర్షన్ నంబర్ మార్చొద్దు, అది రిలీజ్ చేసేవాళ్ల పని. రెపోలో మేక్‌ఫైల్ స్క్రిప్ట్ కనిపించకపోతే ఆ డిస్ట్రిబ్యూషన్‌ని (మాడ్యూళ్లు కలిపి విడుదల చేసే కట్టని) డిస్ట్ జిల్లా అనే రిలీజ్ పరికరంతో కడుతున్నారేమో చూడండి. ప్యాచ్ పంపడానికి దాని ప్లగిన్లన్నీ ఇన్‌స్టాల్ చేసుకోనక్కర్లేదు. లిబ్ ఫోల్డర్‌నీ టెస్టుల ఫోల్డర్‌నీ మార్చి, టెస్టులు నడిపే ప్రూవ్ కమాండ్‌తో నడిపి చూస్తే చాలు. సీ కోడ్ ఉన్న ఎక్స్‌ఎస్ మాడ్యూల్ అయితే మాత్రం ముందు బిల్డ్ చేయాలి.

ప్యాచ్ ఎక్కడికి పంపాలో కూడా చూసుకోవాలి. గిట్‌హబ్ రెపో ఉన్నా బగ్గులు పాత ఆర్‌టీ ట్రాకర్‌లోనే చూసుకునేవాళ్లున్నారు. డిస్ట్రిబ్యూషన్ మెటాడేటాలో బగ్‌ట్రాకర్ అని ఏది రాసి ఉంటే అక్కడికే వెళ్లండి. జవాబు రాకపోతే రెండు మూడు వారాలు ఆగి ఒకసారి మర్యాదగా గుర్తు చేయండి. చాలామంది ఉద్యోగం అయ్యాక మిగిలిన గంటలో ఈ పని చేస్తారు. మౌనం అంటే తిరస్కారం అనుకోవద్దు. ఐఆర్‌సీ అనే పాత చాట్ వ్యవస్థలో పెర్ల్ సర్వర్‌కి వెళ్లి టూల్‌చెయిన్ ఛానెల్‌లో అడిగితే, ఆ రచయిత ఈ మధ్య ఎక్కడైనా కనిపించారా అన్నది ఎవరో ఒకరు చెప్తారు. అందరికీ అందరూ తెలిసి ఉండటం వల్ల కలిగే లాభాల్లో ఇది పెద్దది.

నాలుగు మంచి ప్యాచ్‌లు పడ్డాక "కో-మెయింట్ ఇస్తాను, మీరే రిలీజ్ చేసేయండి" అనే మాట అనుకున్నదానికంటే త్వరగా వస్తుంది. కో-మెయింట్ అంటే యజమానితో పాటు రిలీజ్ చేసే హక్కు, అది ఉన్నవాళ్లనీ అలాగే పిలుస్తారు. పాజ్‌లో ప్రతి ప్యాకేజీ పేరుకీ ఒక ప్రధాన యజమాని ఉంటారు, కో-మెయింట్లు ఎంతమందైనా ఉండొచ్చు. కో-మెయింట్ రిలీజ్ చేయగలరు కానీ హక్కులు ఇంకొకరికి ఇవ్వలేరు. డిస్ట్రిబ్యూషన్ పేరుకి సరిపోయే ప్యాకేజీ మీద మీకు అనుమతి లేకపోతే పాజ్ దాన్ని ఇండెక్స్ చేయదు, అంటే ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి దొరికే జాబితాలో చేర్చదు. కొత్త ప్యాకేజీ చేర్చిన రిలీజ్ తర్వాత పర్మిషన్ల పేజీ తెరిచి, మీతో పాటు రిలీజ్ చేసే అందరికీ దాని మీద హక్కుందో లేదో చూడండి. లేకపోతే తర్వాతి రిలీజ్ మీద మెటాసీపాన్‌లో అనధికారికం అన్న ముద్ర పడుతుంది. అది చూసి వాడేవాళ్లు కంగారుపడతారు.

రచయిత పూర్తిగా మాయమైపోతే పద్ధతి వేరు. తెలిసిన ఈమెయిళ్లన్నిటికీ రాయాలి, మాడ్యూల్ తీసుకోవాలనుకుంటున్నట్టు నలుగురికీ కనిపించే చోట చెప్పాలి, కొన్ని వారాలు ఆగాలి, అప్పుడు పాజ్ నిర్వాహకులకి ఈ ఆధారాలన్నీ జతచేసి రాయాలి. తొందరపడి వేరే పేరుతో ఫోర్క్ (అదే కోడ్‌కి విడి కాపీ) అప్‌లోడ్ చేయడం నేరమేమీ కాదు కానీ, వాడేవాళ్లని రెండుగా చీలుస్తుంది, ఆ సంగతి చాలాకాలం గుర్తుంటుంది.

ఇక రిలీజ్. మీ మెషీన్‌లో టెస్టులు పాసవడం దాదాపు దేనికీ రుజువు కాదు. మొదటి ఉచ్చు మ్యానిఫెస్ట్, అంటే టార్‌బాల్‌లో (అప్‌లోడ్ చేసే మూటలో) చేరాల్సిన ఫైళ్ల జాబితా. కొత్త ఫైల్ రాసి దాని పేరు మ్యానిఫెస్ట్‌లో చేర్చకపోతే మీ ఫోల్డర్‌లో అన్నీ పాసవుతాయి, టార్‌బాల్‌లో మాత్రం ఆ ఫైల్ ఉండదు. మేక్ డిస్ట్‌టెస్ట్ నడిపితే అది టార్‌బాల్‌లోకి వెళ్లేవాటినే వేరే ఫోల్డర్‌లో పెట్టి పరీక్షిస్తుంది, అక్కడే దొరికిపోతుంది. రెండోది రాయడం మరిచిన డిపెండెన్సీ, అంటే మీ కోడ్‌కి కావాల్సిన వేరే మాడ్యూల్. మీ దగ్గర ఎప్పుడో ఇన్‌స్టాల్ అయి ఉంటుంది కాబట్టి తెలియదు. పెర్ల్‌బ్రూతో (విడివిడి పెర్ల్‌లు పెట్టుకునే పరికరంతో) ఖాళీ పెర్ల్ ఒకటి పెట్టుకుని, మెటాడేటాలో రాసినవి మాత్రమే అందులో దించి నడపండి. పెర్ల్‌తో పాటే వస్తుంది కదా అని కోర్ మాడ్యూళ్లని రాయకుండా వదిలేయొద్దు: సీజీఐ, మాడ్యూల్ బిల్డ్ రెండూ 2015లో వచ్చిన 5.22 నుంచి కోర్‌లో లేవు. వాటిని రాయనివాళ్ల బిల్డులు ఆ వెర్షన్ మీద విరిగాయి.

వెర్షన్ నంబర్ దగ్గర అనుభవజ్ఞులు కూడా పడతారు. 1.9 తర్వాత 1.10 ఇస్తే పెర్ల్ దాన్ని దశాంశ సంఖ్యగా, అంటే 1.1గా చదువుతుంది. అది పాతదానికంటే చిన్నది కాబట్టి పాజ్ ఇండెక్స్ చేయకుండా మీకొక మెయిల్ పంపుతుంది. 1.25 నుంచి 1.26.0కి మారితే ఇంకా ఘోరం, రెండు చుక్కలున్న నంబర్ విలువ 1.026 అవుతుంది. మొదటి రోజే రెండు దశాంశ స్థానాలని నిర్ణయించుకుని చివరిదాకా అలాగే ఉండండి. ఇప్పటికే తప్పు చేసి ఉంటే 2.00కి దూకేయడం ఒక్కటే శుభ్రమైన దారి. ఒకసారి అప్‌లోడ్ చేసిన ఫైల్ పేరుని మళ్లీ వాడటం కుదరదు, డిలీట్ చేసినా సరే. డిలీట్ కూడా 72 గంటల తర్వాతే జరుగుతుంది, ఆ తర్వాత కూడా బ్యాక్‌పాన్‌లో, అంటే సీపాన్ పాత ఫైళ్ల నిల్వలో కాపీ ఉంటుంది. పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ టార్‌బాల్‌లో పడిందంటే, ఫైల్ తీసేయడం గురించి కాదు, పాస్‌వర్డ్ మార్చడం గురించి ఆలోచించండి.

ఎగువ మాడ్యూల్ అయితే నేరుగా రిలీజ్ చేయకండి. ఫైల్ పేరు చివర ట్రయల్ అని చేర్చినా, వెర్షన్‌లో అండర్‌స్కోర్ పెట్టినా పాజ్ దాన్ని ఇండెక్స్ చేయదు కాబట్టి మామూలుగా ఇన్‌స్టాల్ చేసేవాళ్లకి అది వెళ్లదు, సీపాన్ టెస్టర్లు మాత్రం తీసుకుంటారు. ఈ టెస్టర్లు స్వచ్ఛందంగా తమ మెషీన్లలో రకరకాల పెర్ల్ వెర్షన్ల మీదా ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా మీ టెస్టులు నడిపి రిపోర్టులు పంపేవాళ్లు. చాలా చోట్ల సొంతంగా ఏర్పాటు చేసుకోవాల్సిన సౌకర్యం ఇక్కడ ఊరికే దొరుకుతుంది. ఒకటి రెండు రోజులు ఆగితే బొమ్మ చాలా వరకు తేలుతుంది. ఆ రెండు రోజుల్లో మీ మీద ఆధారపడిన మాడ్యూళ్లలో పెద్దవి ఓ పదీ ఇరవై తీసుకుని, ట్రయల్ వెర్షన్‌తో వాటి టెస్టులు నడపండి. ఏదైనా విరిగితే రిలీజ్ కంటే ముందే ఆ రచయితకి చెప్పండి, కుదిరితే ప్యాచ్‌తో సహా. ఈ అలవాటున్నవాళ్లకి ఇక్కడ దక్కే గౌరవం వేరు.

రిపోర్టులు చదవడానికి ఒక కిటుకుంది: ఒక్కో ఫెయిల్‌నీ విడిగా చూడొద్దు, ఫెయిళ్లు ఎక్కడ గుమిగూడాయో చూడండి. అక్కడొకటి ఇక్కడొకటి, ఒకే మెషీన్‌లో ఒకసారి పాస్ ఒకసారి ఫెయిల్ అయితే హ్యాష్ (కీ, విలువ జంటలు దాచే పెర్ల్ నిర్మాణం) క్రమాన్ని అనుమానించండి. 2013లో 5.18 నుంచి హ్యాష్ కీల వరుస ప్రతిసారీ మారుతుంది. కీలని సార్ట్ చేయడం, డంపర్‌లో సార్ట్‌కీస్ పెట్టడం, జేసన్‌కి కెనానికల్ పెట్టడం మందు. 5.26 నుంచి పైకి అన్నీ ఫెయిలైతే, మాడ్యూళ్లు వెతికే దారుల్లోంచి 2017లో కరెంట్ డైరెక్టరీని తీసేయడం కారణం కావచ్చు. టెస్టుల్లో పక్క ఫైల్‌ని పిలిచేచోట ముందు డాట్ స్లాష్ చేర్చితే సరిపోతుంది. దశాంశాలు పోల్చే టెస్టు ఒకటి రెండు మెషీన్లలోనే పడితే ఆ పెర్ల్‌ని లాంగ్ డబుల్‌తో కట్టి ఉంటారు. సమానమా అని కాకుండా తేడా ఎంత చిన్నదో చూడండి. జర్మన్ లొకేల్‌లో ఫెయిలైతే మీరు సిస్టమ్ ఎర్రర్‌ని ఇంగ్లిష్ వాక్యంతో పోలుస్తున్నట్టు, ఎర్రర్ కోడ్‌తో పోల్చండి. టెస్టుల్ని ఒకేసారి పక్కపక్కన నడిపే చోట పడితే రెండు టెస్టులు ఒకే తాత్కాలిక ఫైల్ పేరు వాడుతుంటాయి, ఫైల్ టెంప్ మాడ్యూల్ వాడండి.

బయటి సీ లైబ్రరీ లేనందుకు ఫెయిళ్లు కురుస్తుంటే దానికీ ఉపాయం ఉంది. లైబ్రరీ దొరకనప్పుడు మేక్‌ఫైల్ పుట్టకముందే స్క్రిప్ట్ సున్నా కోడ్‌తో బయటికొచ్చేస్తే రిపోర్ట్ రాదు. పాడ్ డాక్యుమెంట్లూ స్పెల్లింగూ చూసే టెస్టుల్ని ఎక్స్‌టీ ఫోల్డర్‌లో పెట్టండి. అవి ఇన్‌స్టాల్ చేసేవాళ్ల దగ్గర నడవకూడదు. స్పెల్లింగ్ తప్పు వల్ల సర్వర్ డిప్లాయ్ ఆగిపోయినవాడి కోపం న్యాయమైనదే.

మనుషుల సంగతికి వస్తే, రోజువారీ జీవితం ఐఆర్‌సీలో సాగుతుంది, ఎవరైనా మేలు చేస్తే వాళ్ల ఐడీ పక్కన ++ పెడతారు. ఏడాదికోసారో రెండుసార్లో కాన్ఫరెన్స్ ఉంటుంది. ఈ సంప్రదాయం 1999లో పిట్స్‌బర్గ్‌లో జరిగిన తొలి యాప్సీ (పెర్ల్ వాళ్ల సదస్సు) నుంచి వస్తోంది. కొత్తవాళ్లు 5 నిమిషాల లైట్నింగ్ టాక్‌కి పేరివ్వడం మంచి దారి. ఒకే ఒక విషయం, అందులోనూ నడిచే కోడ్ చూపించండి. టాక్‌ల కంటే కారిడార్‌లో జరిగే మాటల్లోనే కో-మెయింట్లు చేతులు మారతాయని వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఉద్యోగాలు కూడా చాలావరకు ఇలాగే దొరుకుతాయి. పెర్ల్ ఖాళీలు బయట తక్కువగా కనిపిస్తాయి, లోపల ఫలానావాళ్ల ప్యాచ్‌లు బాగుంటాయన్న మాట పనికొస్తుంది. దీనికి రెండో వైపూ ఉంది. విసుగులో రాసిన ఒక మోటు జవాబు కూడా అంతే దూరం వెళ్తుంది.

గొడవలు లేవనుకోవద్దు. పెర్ల్ 6 పేరు మీద ఏళ్ల తరబడి నలిగి చివరికి 2019లో దాన్ని రాకుగా మార్చారు. 2020లో పెర్ల్ 7 ప్రకటన మీద మళ్లీ రగడ జరిగి, ఆ ఏడాది చివర్లో ముగ్గురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ ఏర్పడింది. ఇలాంటి వాదాల్లో కొత్తవాళ్లు పక్షం తీసుకోవాల్సిన అవసరం ఏమాత్రం లేదు. వాదించుకునే ఇద్దరూ రేపు మీ ప్యాచ్ చూసేవాళ్లే.

పని ఎంత అని అడిగారు కాబట్టి: దిగువ మాడ్యూల్‌కి ఏడాదికి ఒకటి రెండు వారాంతాలు సరిపోతాయి. ఎగువదానికైతే వారానికి ఒక సాయంత్రం, పెర్ల్ కొత్త వెర్షన్ వచ్చే సీజన్‌లో ఇంకాస్త. ఓపిక తగ్గుతోందని అనిపించిన రోజే, పూర్తిగా అలిసిపోయేదాకా ఆగకుండా, పాజ్‌లో నీడ్‌హెల్ప్ అనే ఉత్తుత్తి ఐడీకి కో-మెయింట్ ఇవ్వండి, సాయం కావాలని దానర్థం. వదిలించుకోవాలంటే హ్యాండాఫ్ ఐడీ ఉంది, రచయిత అందుబాటులో లేని మాడ్యూళ్లకి అడాప్ట్‌మీ ఉంది. కొత్తవాళ్లు వెతుక్కునేది ఈ జాబితాల్లోనే. పాజ్ ఖాతాకి ఇచ్చిన ఈమెయిల్ సొంత డొమైన్‌ది అయితే దాని రెన్యువల్ తేదీ రాసిపెట్టుకోండి. డొమైన్ గడువు దాటితే దాన్ని కొనుక్కున్నవాళ్లు పాస్‌వర్డ్ రీసెట్ అడిగి మీ పేరు మీద రిలీజ్ చేయగలరు.