సలహా కంటే ముందు వినడం నేర్పండి

ప్రశ్న: మా పీహెచ్‌సీలో ఏఎన్‌ఎంలకు, ఆశాలకు శిక్షణ ఇవ్వాలి. తాగుడుకు బానిసైనవారి భార్యలతో, తల్లులతో ఎలా మాట్లాడాలో నేర్పడమెలా?
– ఒక స్టాఫ్‌నర్సు

జవాబు: బ్రిటన్‌లో రూపొందిన ఐదు మెట్ల పద్ధతి బాగుంటుంది: వినడం, సమాచారమివ్వడం, ఆమె ఎలా నెట్టుకొస్తోందో చర్చించడం, అండగా నిలిచేవారిని వెతకడం, ఇంకేం సాయం కావాలో చూడడం. మనవాళ్లు మొదటి మెట్టు దగ్గరే తడబడతారు. ఆమె రెండు మాటలు చెప్పీ చెప్పకముందే ‘సర్దుకుపోమ్మా’ అనేస్తారు! ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, పది నిమిషాలు సలహా లేకుండా వినే సాధన చేయించండి. భర్త పక్కనుంటే ఆమె నోరు విప్పదు, విడిగా మాట్లాడాలి.

రెండో మెట్టులో ఇది తప్పనిసరి: రోజూ బాగా తాగేవారిని ఇంట్లోనే ఒక్కసారిగా మాన్పిస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, 2–3 రోజులకు వణుకుతో మతిభ్రమ రావచ్చు. ప్రాణాపాయం, ఆసుపత్రికి పంపాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 కూడా రాసివ్వండి.