పాత క్వాడ్‌కు మొదటి ఖర్చు ఎక్కడ పెట్టాలి: మేనల్లుడికి లేఖ

గోదావరిఖని

అల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన క్వాడ్, అదే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి, ఫోటోలు, దానికి కొనదలచిన సామాన్ల జాబితా చూశాను. జాబితాలో అన్నిటికన్నా పైన సైలెన్సర్ పైపు, దాని కింద కార్బురేటర్ కిట్టు, ఆ తరువాత ఎల్ఈడీ లైట్లు ఉన్నాయి. టైర్లు ఎక్కడో చివర ఉన్నాయి, బ్రేకుల ఊసే లేదు. నీ చేతిలో ఉన్నది 40,000 రూపాయలు. నా మాట వింటే ఆ జాబితాను తలకిందులు చెయ్యి. ముందు బండి నేలను పట్టుకునే చోట, ఆగే చోట ఖర్చు పెట్టు. ఇంజిన్ బలం సంగతి ఏమైనా మిగిలితే చూద్దాం.

బండి మాత్రం మంచిదే ఎంచుకున్నావు. హోండా టీఆర్ఎక్స్ 400 ఈఎక్స్ 1999లో మార్కెట్లోకి వచ్చింది. 397 సీసీ ఇంజిన్, ఒకటే సిలిండర్, గాలితోనే చల్లబడుతుంది. రేడియేటర్ లేదు, ఫ్యూయల్ ఇంజెక్షన్ లేదు. రెంచీలు పట్టడం తెలిసినవాడు ఇంటి దగ్గరే విప్పి బిగించుకోగల బండి ఇది. నీది 2003 మోడల్ కాబట్టి రివర్స్ గేరు ఉండదు, అది 2005 నుంచే ఇచ్చారు. తోటలో ఇరుకు చోట ఆపితే సుమారు 170 కిలోల బరువును చేత్తో వెనక్కి తొయ్యాలని గుర్తుపెట్టుకో.

రూపాయి ఖర్చు చేసే ముందు ఇంజిన్ పొగ చూడు. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కాసేపు నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్లు అరిగి ఉండవచ్చు, దానితో కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. యాక్సిలరేటర్ నొక్కినంతసేపూ నీలిపొగ వస్తుంటే పిస్టన్ రింగులు పోయినట్టే అనుకో. అప్పుడు ముందు సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో చూసే కంప్రెషన్ పరీక్ష చేయించు, మిగతా కొనుగోళ్లన్నీ ఆపు. ఆయిల్ చూడటంలోనూ ఈ బండికి ఒక పద్ధతి ఉంది. దీనిది డ్రై సంప్ ఇంజిన్, అంటే నూనె ఇంజిన్ అడుగున నిలవదు, పంపు దాన్ని పైకి తోడి వేరేచోటికి చేరుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు గేజు ముంచి చూస్తే తక్కువ చూపిస్తుంది, నువ్వు కంగారుపడి ఎక్కువ పోస్తావు. ఇంజిన్‌ను కొన్ని నిమిషాలు ఐడిల్‌లో నడిపి, ఆపిన వెంటనే చూడు.

ఇక ఎయిర్ ఫిల్టర్. దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్లు డంపర్ల ఇంజిన్లు పాడవడానికి దుమ్మును మించిన కారణం నేను చూడలేదు. నర్సంపేట వైపు ఎర్ర చెల్కల్లో ఏప్రిల్, మే నెలల్లో లేచే దుమ్ము మెత్తటి పిండిలా ఉంటుంది. అది ఫిల్టర్ దాటి ఒక్కసారి లోపలికి వెళ్లిందంటే నూనెతో కలిసి రింగులనూ సిలిండర్ గోడనూ అరగదీస్తుంది. నీ బండిలో ఉన్నది నూనె పట్టించి వాడే ఫోమ్ ఫిల్టర్. దాన్ని బయటికి తీసి, ఫిల్టర్ నుంచి కార్బురేటర్‌కు వెళ్లే రబ్బరు గొట్టం లోపల తెల్ల గుడ్డతో తుడిచి చూడు. గుడ్డకు ఎర్రమన్ను అంటితే గాలి పక్కదారిలో వెళుతోందని అర్థం. ఆ సందు ఎక్కడుందో దొరికేదాకా బండి స్టార్ట్ చెయ్యకు.

పాత ఫోమ్ చిరిగినా, వేళ్ల మధ్య పొడిపొడిగా రాలినా కొత్తది కొను. నా లెక్కలో నువ్వు మొదట కొనాల్సిన సామాను ఇదే, ఒకటి కాదు రెండు కొను. ఒకటి ఆరుతుండగా రెండోది బండిలో ఉంటుంది. కిరోసిన్‌లో ముంచి మెల్లగా పిండు, బట్టలు పిండినట్టు మెలిపెట్టకు. తరువాత సబ్బునీళ్లతో కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, ఫోమ్ ఫిల్టర్‌కని అమ్మే జిగురు నూనె అంతటా సమంగా పట్టించు. మామూలు ఇంజిన్ ఆయిల్ మన ఎండకు పలచబడి కిందికి కారిపోతుంది. పెట్రోల్‌తో కడగవద్దు, అంచుల్లోని అతుకులు ఊడిపోతాయి, పైగా నిప్పు భయం. బిగించేటప్పుడు ఫిల్టర్ అంచుకు సన్నగా గ్రీజు రాయి. బలం పెరుగుతుందని ఫిల్టర్ ఉండే ఎయిర్‌బాక్స్ మూత తీసేసి తిరిగేవాళ్లు ఉన్నారు. మన దుమ్ములో, మన వానల్లో ఆ పని చెయ్యవద్దు.

తరువాత బండిని జాకీ మీద లేపు. ముందు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక ఉందంటే బాల్ జాయింట్ గానీ బేరింగ్ గానీ పోయినట్టు. కుడిఎడమలుగా ఊపినప్పుడు ఆడితే టై రాడ్ చివరలు చూడు. వెనక యాక్సిల్ పైకీ కిందికీ ఆడుతుంటే క్యారియర్ బేరింగులు మార్చాలి. ఇక్కడ డబ్బు మిగిల్చుకునే దారి ఒకటి ఉంది. బేరింగ్ మీద నంబరు చెక్కి ఉంటుంది. పాతదాన్ని పట్టుకుని వరంగల్‌లో బేరింగులు అమ్మే దుకాణానికి వెళ్లి, అదే నంబరు, రెండువైపులా రబ్బరు సీలు ఉన్నది, ఎస్‌కేఎఫ్ లేదా ఎన్‌బీసీ వంటి నమ్మకమైన కంపెనీది అడుగు. హోండా పేరున్న డబ్బా కోసం విదేశాల నుంచి తెప్పించుకోనక్కర లేదు. బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు మాత్రం ఆ బండికి చేసినవే కావాలి.

బ్రేకులకు పెద్ద ఖర్చు ఉండదు. ముందు రెండు డిస్కులు, వెనక యాక్సిల్ మీద ఒకటి ఉంటాయి. మాస్టర్ సిలిండర్ మూత తీసి చూడు. నూనె టీ రంగుకు తిరిగి ఉంటే అది తేమ పట్టింది. డాట్ 4 రకం బ్రేకు నూనె కొత్త డబ్బా తెచ్చి మొత్తం మార్చి, గాలి బుడగలు పోయేదాకా బ్లీడ్ చెయ్యి. కాలిపర్ పిన్నులు శుభ్రం చేసి, అవి వేలితో సులువుగా జరిగేలా చూడు. ప్యాడ్లు పలచబడితే మార్చు. ఇంత చేశాక కూడా లివర్ మెత్తగా ఉంటే అప్పుడు స్టీలు అల్లిక ఉన్న బ్రేకు పైపుల సంగతి ఆలోచిద్దాం.

టైర్లకు మాత్రం చేతికి ఎముక లేనట్టు ఖర్చుపెట్టు. క్వాడ్‌లో నీకు నిజంగా తేడా తెలిసేది అక్కడే. కంపెనీ కొలతలు ముందు 22×7-10, వెనక 20×10-9. వాటినే ఉంచు. చూపు బాగుంటుందని వెనక 22 అంగుళాలవి వేస్తే బండి ఎత్తు పెరిగి మలుపులో తేలికగా ఒరుగుతుంది, గేరింగు పది శాతం బరువెక్కి లాగుడు తగ్గుతుంది. నీ తోట చుట్టూ ఉన్నది మొరం, చెల్క, గుండ్రాళ్లు. గట్ల వెంట సర్కారు తుమ్మ ముళ్లు. కాబట్టి నాలుగు లేదా ఆరు ప్లై (టైరు పొరల లెక్క) ఉన్నవి, గుబ్బల మధ్య ఎడం బాగా ఉన్నవి చూడు. ఎడం తక్కువైతే వానాకాలం రేగడి పట్టి టైరు నున్నటి రోలర్ అయిపోతుంది. ఒకేసారి నాలుగూ కొనలేకపోతే వెనక రెండూ ముందు కొను. పంక్చర్ ప్లగ్గుల డబ్బా, చిన్న చేతిపంపు బండిలోనే ఉంచు.

వీటిలో గాలి నాలుగైదు పీఎస్ఐకి మించి ఉండదు. సరైన అంకె బండి మీద అతికించిన లేబుల్‌లో ఉంటుంది. పెట్రోల్ బంకులో గేజు అంత తక్కువను నమ్మకంగా చూపించదు, అక్కడి పిల్లలు అలవాటుగా ముప్పై కొట్టేస్తారు. తక్కువ ఒత్తిడిని కొలిచే గేజు ఒకటి కొనుక్కో. గాలి సరిగ్గా ఉంటే పాత షాకబ్జార్బర్లు కూడా బాగున్నట్టు అనిపిస్తాయి.

బలం కావాలన్న నీ కోరిక నాకు అర్థమవుతుంది. అది తక్కువ ఖర్చుతో తీరే దారి ముందు స్ప్రాకెట్, అంటే చైనును తిప్పే పళ్ల చక్రం. కంపెనీది 15 పళ్లు, వెనకది 38. ముందు 14 పళ్లది వేస్తే చివరి వేగం ఏడు శాతం దాకా తగ్గుతుంది, అదే లెక్కన లాగుడు పెరుగుతుంది. తోట దారుల్లో నీకు కావలసింది ఆ లాగుడే. చైను 520 సైజు, కేటీఎం డ్యూక్ బైకుకు కూడా అదే వాడతారు కాబట్టి ఇక్కడే దొరుకుతుంది. లింకులు లెక్కపెట్టి కోయించుకో. కొత్త స్ప్రాకెట్ మీద పాత చైను వెయ్యకు, రెండూ కలిసి అరుగుతాయి.

సైలెన్సర్ పైపు ఎందుకు ఆగాలో చెబుతాను. పైపు మార్చి, కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు మార్చకపోతే గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువై ఇంజిన్ మామూలుకన్నా వేడెక్కుతుంది. గాలితో చల్లబడే ఇంజిన్ వరంగల్ మే ఎండలో ఆ అదనపు వేడిని ఎంతసేపు భరిస్తుంది? జెట్లు సరిచేయించినా వచ్చే బలం స్ప్రాకెట్ ఇచ్చేదానికంటే ఖరీదైనది. చప్పుడు మాత్రం పక్క చేలవాళ్లందరికీ ఉచితం.

వెడల్పు కోసం చక్రానికీ హబ్‌కూ మధ్య పెట్టే స్పేసర్లు లేత్ షాపులో చేయిస్తానన్నావు. దొరికిన ఇనుప ముక్కతో చేసినవి మాత్రం వేయవద్దు. హబ్ మధ్యలో కచ్చితంగా కూర్చోకపోతే స్పేసర్ బరువంతా బోల్టుల మీద వేస్తుంది. దానికి బదులు వెల్డింగ్ చేసేవాడితో నెర్ఫ్ బార్లు చేయించు. ఫుట్‌పెగ్ నుంచి వెనక చక్రం దాకా ఇనుప గొట్టం, మధ్యలో గట్టి వల. కాలు జారితే వెనక టైరు కిందికి పోకుండా కాపాడేవి అవే. ఫ్రేముకు వెల్డింగ్ పెట్టవద్దు, బోల్టులతోనే బిగించాలి. చేతికి తాడు కట్టుకునే కిల్ స్విచ్ కూడా పెట్టించు, పడితే ఇంజిన్ ఆగిపోతుంది.

హెల్మెట్, కళ్లద్దాలు, చీలమండ దాటే బూట్లు ఈ 40,000లోనే రావాలి. ఇంకో విషయం, మలుపులో రెండు చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వెనక యాక్సిల్‌కు ఉండదు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరుగుతాయి కాబట్టి మలుపులో నీ ఒంటిని లోపలివైపు వంచాలి. సీటు పొడవుగా ఉందని మా మనుమరాలిని వెనక ఎక్కించుకోకు, అది ఒక్కరి కోసం చేసిన బండి. దీనికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, కాబట్టి తోటకు ట్రాలీలో కట్టి తీసుకెళ్లు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల వైపు చక్రం తిప్పవద్దు.

ఈ వారం వెనక స్ప్రాకెట్ పళ్లు, ఫిల్టర్ లోపలివైపు, యాక్సిల్ క్యారియర్ దగ్గర నుంచి ఫోటోలు తీసి పంపు. అవి చూశాక టైర్లకు ఎంత మిగులుతుందో ఫోనులో లెక్క వేద్దాం. అప్పటిదాకా పైపుకు అడ్వాన్సు ఇవ్వకు.

మీ మామయ్య