జబ్బు మనిషి దగ్గర నవ్వొచ్చా?

మంచాన పడ్డ మీ అమ్మగారితో మీరు సరదాగా మాట్లాడుతుంటే బంధువులు తప్పు పడుతున్నారనీ, సేవ చేసేటప్పుడు నవ్వులాట పనికిరాదా అనీ అడిగారు. ఎందుకు పనికిరాదు? మందులు వేళకి వేయడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం అంటాను నేను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి తోటల ఊళ్లు. ఇక్కడ ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ కచ్చితంగా తేలలేదు. మా నాన్నకీ వచ్చింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగు గంటలు. తాగిన నీరు ఒంట్లోంచి పోయే దారి లేదు కాబట్టి నీళ్లు కొలిచి తాగాలి. రోజుకి సరిపడా నీళ్లు పొద్దున్నే సీసాలో పోసి పెడతాను. టీ తాగినా, చారు పోసుకున్నా అంత నీరు అందులోంచి తీసేయాల్సిందే.

ఒకసారి మే నెలలో మధ్యాహ్నానికే సీసా ఖాళీ. ఉక్కపోత. నాన్నకి కోపమొచ్చేసింది. "ఏట్రా, తోటంతా తడిపినోణ్ణి. నాకు గుక్కెడు నీళ్లు కొలిచి పోస్తావేట్రా?" అన్నాడు. అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. డాక్టరు మాటలు మళ్లీ అప్పజెబితే గ్లాసు విసిరేసేవాడు.

"బోరు కాడ చిన్నాన్నకి వంతు దాటి ఎప్పుడైనా నీళ్లు వదిలేవా నాన్నా? ఇయాల నీ వంతు అయిపోయింది. రేపు పొద్దున్నే మళ్లీ వదుల్తాను" అన్నాను.

నా మొహంలోకి ఒకసారి చూసి, పొట్ట పట్టుకుని నవ్వాడు. "దొంగెదవా" అని తిట్టి, ఐసు ముక్క ఒకటి చప్పరిస్తూ పడుకున్నాడు. ఆ ఐసు కూడా లెక్కలోదే.

అప్పట్నుంచి ఆయనా మొదలుపెట్టాడు. ఒంట్లో చేరిన నీటిని మిషను లాగేస్తుంది కాబట్టి డయాలసిస్‌కి ముందూ, తర్వాతా బరువు చూస్తారు. రెండున్నర కిలోలు తగ్గిందని నర్సమ్మ రాసుకుంటుంటే, "ఎనభై కిలోల జీడిపిక్కల బస్తాకి కూడా మా షావుకారు ఇంత తరుగు తీయడమ్మా!" అన్నాడు. చుట్టూ మంచాల మీదున్నవాళ్లంతా జీడి రైతులే. వార్డంతా నవ్వింది.

నా లెక్కలో జోకు ఆ మనిషి బతుకులోంచి రావాలి, తిరిగి మనకొకటి తగిలించే వీలు ఆయనకుండాలి. అప్పుడు తను పేషెంటునన్న సంగతి మర్చిపోతాడు. డయాలసిస్ అయి వచ్చిన సాయంత్రం మాత్రం ఏ జోకులూ వద్దు. బీపీ పడిపోయి, కాలి పిక్కలు పట్టేసి, మనిషి నీరసంతో వాలిపోతాడు. అప్పుడు మాటల్లేకుండా కాళ్లు పిసకడమే.

అసలు తప్పు పట్టాల్సింది పరామర్శకొచ్చేవాళ్లని. మొహం వేలాడేసుకుని, ఆయన ఎదురుగానే "తింటున్నాడా? నిద్ర పడుతోందా?" అని నన్నడుగుతారు. ఆయన్నే అడగొచ్చు కదా! ఒకాయన ఆప్యాయంగా ఎడమ చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకుంటాడు. అది ఫిస్టులా ఉన్న చెయ్యి, అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చెయ్యి. దానికి బీపీ పట్టీ కూడా కట్టరు. ఇంకొకరు చలవ చేస్తుందని బోండాలు కొట్టించుకొస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయనివాళ్లకి అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగిపోవచ్చు. మేం కూరగాయలు కూడా ఉడకబెట్టి, ఆ నీళ్లు వంపేసి వండుతున్నాం. పుట్టినప్పట్నుంచీ కొబ్బరి చెట్ల కింద బతికిన మనిషి ముందు బోండాం పెట్టి తాగొద్దనడం ఎంత నరకమో ఆ తెచ్చినవాళ్లకి తెలీదు.

ఇప్పుడు ఎవరైనా వస్తామని ఫోన్ చేస్తే ముందే చెప్పేస్తున్నాను. పళ్లొద్దు, బోండాలొద్దు, వాట్సాప్‌లో వచ్చిన చెట్టుమందు అసలే వద్దు. పలాసలో జీడిపిక్కల ధర ఎంతుందో కనుక్కుని రండి. అది తక్కువని ఆయన మీతో అరగంట దెబ్బలాడతాడు.