కులం పేరుతో తిట్టారు, దెబ్బలు తగలలేదు: ఇది కేసు అవుతుందా?

మీ తమ్ముణ్ని ఆటో స్టాండు దగ్గర నలుగురి ముందు కులం పేరు పెట్టి తిట్టారనీ, చెయ్యి చేసుకోలేదు కాబట్టి ఫిర్యాదు నిలబడుతుందా అనీ అడిగారు. నిలబడుతుంది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం, ఎస్సీ, ఎస్టీ కాని వ్యక్తి పదిమంది చూసే చోట కులం పేరుతో దూషిస్తే అదే నేరం. ఒంటి మీద గాయం ఉండాలన్న షరతు లేదు. నాలుగు గోడల మధ్య, బయటివారెవరూ లేనప్పుడు అన్న మాటకు ఇది వర్తించదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కానీ, ఆటో స్టాండుకు ఆ చిక్కు లేదు.

మా ఇంట్లో జరిగింది చెబుతాను. 2019లో కోత కూలి బాకీ అడిగినందుకు మా చిన్నాన్నను టీ కొట్టు ముందు కులం పేరుతో తిట్టారు. ఆ సాయంత్రమే స్టేషనుకు వెళ్ళి ఆయన చెబుతుంటే అక్కడివారు రాసుకుని వేలిముద్ర వేయించుకున్నారు. మర్నాడు నకలు తెచ్చి చదివితే అందులో కులం ఊసే లేదు. డబ్బు విషయమై వాగ్వాదం జరిగి అసభ్య పదజాలంతో దూషించారని మాత్రమే ఉంది. ఆ ఒక్క వాక్యంతో కుల దూషణ కాస్తా బాకీ తగాదా అయిపోయింది. పడిన మాటను మళ్ళీ తన నోటితో పలకలేక చిన్నాన్న కూడా స్టేషనులో తల దించుకుని 'అనరాని మాట అన్నారు' అని ఊరుకున్నారట. అది ఆయన తప్పని నేను ఏనాడూ అనుకోలేదు.

అందుకే మీతో ముఖ్యంగా చెప్పేది ఇదే: స్టేషనుకు వెళ్ళక ముందే, ఇంట్లో కూర్చుని, అన్న మాటను అన్నట్టుగానే, ఎంత నీచంగా ఉన్నా సరే, తెల్ల కాగితం మీద రాయించండి. తేదీ, సమయం, అక్కడ నిలబడి విన్నవారి పేర్లు కూడా ఉండాలి. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుంటే, సంతకానికి ముందు దాన్ని చదివి వినిపించి, వెంటనే నకలు ఇవ్వడం పోలీసుల బాధ్యత అని ఈ చట్టంలోని 4వ సెక్షనే చెబుతుంది. ఉద్దేశపూర్వకంగా ఆ బాధ్యత విస్మరిస్తే ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి 6 నెలల నుంచి ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు. ముందు విచారించి తర్వాత కేసు కడతామంటే, 2018 సవరణతో వచ్చిన 18ఏ సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని మర్యాదగానే గుర్తుచేయండి. అయినా తీసుకోకపోతే ఆ ఫిర్యాదునే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. మేము రిజిస్టర్డ్ పోస్టులో పంపాకే సెక్షన్లు మారాయి, డీఎస్పీ ఊరికి వచ్చి టీ కొట్టు దగ్గరే వాంగ్మూలాలు తీసుకున్నారు. ఇప్పుడైతే 14566 హెల్ప్‌లైన్ కూడా ఉంది.

పెద్దమనుషులు రాజీకి వస్తారు. మా పేటలోని పెద్దలే 'ఊళ్ళో బతకాలి కదా నాయనా' అన్నారు. 1985లో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ ఎంతటి హత్యాకాండకు దారితీసిందో కళ్ళారా చూసిన తరం వారిది. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడలేను. కేసు పెట్టాక మా వీధి ఆడవాళ్ళను నాట్లకు పిలవడం మానేశారు, కొట్టులో అరువు ఆపేశారు. అది కూడా నేరమేనని మాకు ఆలస్యంగా తెలిసింది. ఎస్సీ, ఎస్టీలపై సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడాన్ని, విధిస్తామని బెదిరించడాన్ని కూడా 2015 సవరణ నేరాల్లో చేర్చింది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం విషయంలో దళితులను వెలివేసినప్పుడు ఈ సంగతి పత్రికల్లో వచ్చింది కూడా. మీ వీధిలో ఎవరిని ఏ రోజు పనికి రావద్దన్నారో, ఎవరికి సరుకు ఇవ్వలేదో ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టుకోండి.

తమ్ముడి కుల ధ్రువీకరణ పత్రం పాతదైతే మీసేవలో ఇప్పుడే దరఖాస్తు చేయండి. దర్యాప్తు అధికారి తప్పక అడుగుతారు. మాది రావడం ఆలస్యమై చార్జిషీటు అక్కడే ఆగిపోయింది.