ములికి వేరు, అలుగు వేరు

సందేహం: మా అల్లుడు అమెరికాలో ఉంటాడు. అక్కడ విల్లుతో జింకలను వేటాడేవాళ్లు బాణం చివర బిగించే బ్రాడ్‌హెడ్‌ను ఎలా ఎంచుకోవాలో ఇంగ్లీషులో నోట్సు రాసి పంపాడు. దాన్ని తెలుగు చేస్తున్నాను. ‘బ్రాడ్‌హెడ్’ను ‘వెడల్పు తల’ అని, ‘మెకానికల్ బ్రాడ్‌హెడ్’ను ‘యాంత్రిక వెడల్పు తల’ అని రాస్తే చదివినవాళ్లు నవ్వుతున్నారు. మొన, ములికి, అలుగు – వీటిలో ఏది సరైనది? ఈ వాక్యం కూడా దిద్దండి: ‘నూరు గ్రాముల యాంత్రిక వెడల్పు తలను సంధించి జింకను ఊపిరితిత్తుల వద్ద కాల్చవలెను.’
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

సమాధానం: నవ్వినవాళ్లను తప్పుపట్టలేం. తెలుగు బాణానికి తల ఉండదు. చివర మొన, నడుమ కోల, వెనక ఈకలున్న చోట పింజ ఉంటాయి. పింజనే సంస్కృతంలో పుంఖం అంటారు. ఒక బాణం పింజను తాకేటంత దగ్గరగా మరో బాణం రావడమే ‘పుంఖానుపుంఖం’. ఇప్పుడు ఆ మాట ఉత్తరాలకూ ప్రకటనలకూ మిగిలింది.

‘మొన’ అన్నిటికీ చెల్లే మాట. సూదికీ మొనే, కొండకీ మొనే. మీ నోట్సులో రెండు రకాల మొనలకు తేడా చెప్పాల్సి ఉంది కనుక దానితో పని జరగదు. మిగిలినవి ములికి, అలుగు. నిఘంటువులు రెంటినీ ఒకదానికొకటి పర్యాయంగా ఇస్తాయి గానీ వాడుక వాటిని విడదీసే ఉంచింది. ములికి, ములుకు, ముల్లు ఒకే ఇంటి మాటలు. ఎద్దును అదిలించే ముల్లుగర్ర చివర ఉండేదీ అదే. మాటలు ములుకుల్లా గుచ్చుకుంటాయి; కోయవు. అలుగు అలా కాదు. అది వాదర, అంటే పదునైన అంచు, ఉన్న ఇనుము; ఈటెకూ బాణానికీ కోసే భాగం. కన్నడంలో ‘అలగు’ అంటే నేటికీ కత్తి వాదరే. మడకశిర, హిందూపురం వైపు వాళ్లకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు.

వేటగాళ్ల సామగ్రిలోనూ సరిగ్గా ఈ తేడాయే ఉంది. సాధనకు వాడే ‘ఫీల్డ్ పాయింట్’ వాదర లేని ఉక్కు మొన. గురిబిళ్లలోకి దిగుతుంది, లాగితే వస్తుంది. దాన్ని ములికి అనండి. దానితో జంతువును వేయరాదు. సన్నని రంధ్రం పడి మూసుకుపోతుంది, నెత్తురు కారదు, జంతువు పారిపోయి ఎక్కడో రోజుల తరబడి బాధపడి చస్తుంది. తుపాకీ గుండులాగా బాణం దెబ్బ అదురుతో చంపదు. కోసి, నెత్తురు కార్చి చంపుతుంది. అందుకే వేట బాణానికి రెండు, మూడు, నాలుగు బ్లేడ్లతో కోసే మొన ఉండాలి. అదే బ్రాడ్‌హెడ్, దానికి తగిన మాట అలుగు. అక్కడి అనేక రాష్ట్రాల నిబంధనల్లో అలుగు కోత వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలని ఉంటుంది. వెడల్పు అలుగులోనే ఇమిడి ఉంది కాబట్టి ‘వెడల్పు అలుగు’ అనీ రాయవద్దు.

ఇక ‘మెకానికల్’. ఇందులో యంత్రమేమీ లేదు. బ్లేడ్లు ప్రయాణంలో ముడుచుకుని ఉండి, ఒంటికి తగలగానే తెరుచుకుంటాయి. కాబట్టి ‘విచ్చుకునే అలుగు’ అంటే చూడనివాడికీ బొమ్మ కడుతుంది. ‘ఫిక్స్‌డ్’ను ‘కదలని అలుగు’ అంటే చాలు. ‘స్థిర’ అనే విశేషణం ఆస్తిపాస్తులకే బాగుంటుంది.

పేర్లు కుదిరాక ఎంపిక సంగతి వాక్యాల్లో తేలిగ్గా ఒదుగుతుంది. మీ అల్లుడి నోట్సులో ఉండవలసిన విషయం ఇది. కదలని అలుగు సాధారణంగా 1 నుంచి 1¼ అంగుళాల వెడల్పు కోస్తుంది. కదిలే భాగాలు లేవు కాబట్టి చెడేది తక్కువ, ఎముక తగిలినా లోతుకు దిగుతుంది. దాని చిక్కు గాలిలో ఉంది. తెరిచి ఉన్న బ్లేడ్లు బాణం ముందు రెక్కల్లా పనిచేసి, విల్లు సరిగా కుదరకపోతే బాణాన్ని పక్కకు లాగుతాయి. విచ్చుకునే అలుగు ముడుచుకుని పోతుంది కనుక దాదాపు సాధన ములికిలాగే ఎగురుతుంది. తగిలాక ఒకటిన్నర, రెండు అంగుళాలు కోస్తుంది. అయితే విచ్చుకోవడానికే కొంత బలం ఖర్చవుతుంది, లోతు తగ్గుతుంది. ఏటవాలుగా తగిలితే జారిపోవచ్చు. బ్లేడ్లను పట్టి ఉంచే రబ్బరు రింగో ప్లాస్టిక్ పట్టీయో వదులైతే దారిలోనే తెరుచుకుంటుంది. అందుకే నారి లాగడానికి పట్టే బలం – వాళ్లు డ్రా వెయిట్ అంటారు – 40, 50 పౌండ్లే ఉన్న విల్లుకు రెండు బ్లేడ్ల కదలని అలుగు క్షేమం. 60, 70 పౌండ్ల విల్లు ఉన్నవాడు విచ్చుకునేదాన్ని వాడుకోవచ్చు. ఈస్టన్ అనే బాణాల కంపెనీ పట్టిక జింకల వంటి నడిరకం జంతువులకు బాణంలో 25 నుంచి 41 ఫుట్-పౌండ్ల శక్తి ఉండాలంటుంది. అందులో కింది అంచున ఉన్నవాడు వెడల్పు కన్నా లోతు చూసుకోవాలి.

పరీక్ష కూడా రాయండి, పాఠకుడికి అదే కావాలి. అలుగు బిగించిన బాణాన్ని మొన మీద నిలబెట్టి బొంగరంలా తిప్పాలి. అలుగు, కోల కలిసే చోట ఊగిసలాట కనిపిస్తే బిగింపో కోలో వంకరగా ఉన్నట్టు. ఆ బాణం అడవికి పనికిరాదు. తర్వాత ఒకే బరువున్న ములికినీ అలుగునూ ఒకే విల్లుతో 20, 30 గజాల దూరం నుంచి వేసి చూడాలి. రెండూ వేర్వేరు చోట్ల గుంపుగా పడుతుంటే ముందు బాణం ఆనే రెస్టును, నారి మీద నాక్, అంటే బాణం వెనక కొసన నారిని పట్టే గాడి, నిలిచే చోటును సర్దాలి. గురి చూసే పిన్నులను మాత్రమే జరిపితే అలుగు దారికొస్తుంది, ములికి తప్పుతుంది. ఇలా వేసి చూసిన అలుగు మొద్దుబారుతుంది కాబట్టి వేటకు ముందు బ్లేడ్లు మార్చాలి, లేదా నూరాలి. బిగించి పట్టిన రబ్బరు బ్యాండు మీద వాదర ఆనిస్తే తెగాలి. జారితే పదును చాలనట్టే.

ఈ వివరాల్లో ‘ఫెరూల్’ అనే మాట వస్తుంది, అంటే బ్లేడ్లు అమర్చే నడిమి కడ్డీ. నిఘంటువు చూస్తే ‘పొన్ను’ అని ఉంటుంది. తొందరపడకండి. పొన్ను అంటే రోకలి చివర తొడిగే ఇనుప కట్టు. ఇక్కడిది కట్టు కాదు, కింద మర ఉన్న కడ్డీ. ఆ మర 8-32 అనే ప్రామాణిక కొలతది, కోలలో దిగవేసిన ఇన్సర్టులోకి బిగుస్తుంది. ‘ఫెరూల్’ అనే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు ఒక ముక్క వివరణ ఇవ్వండి.

మీ వాక్యంలో అసలు ప్రమాదం ‘నూరు గ్రాములు’. మూలంలో గ్రెయిన్ ఉంటుంది. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, నూరు గ్రెయిన్లు 6.48 గ్రాములు. వేట బాణం మొత్తం కలిపి 350 నుంచి 500 గ్రెయిన్లు తూగుతుంది, అంటే 23 నుంచి 32 గ్రాములు. దాని కొసన నూరు గ్రాములు పెడితే బాణం నాలుగడుగులు పోయి నేల పొడుస్తుంది. మీరు ప్రొద్దుటూరి వారు కాబట్టి బంగారం లెక్కలో చెబుతాను. పాత తులం, అంటే 11.66 గ్రాములది, సరిగ్గా 180 గ్రెయిన్లు. నూరు గ్రెయిన్ల అలుగు అరతులానికి కాస్త ఎక్కువ, 125 గ్రెయిన్లది ముప్పాతిక తులానికి కాస్త తక్కువ. బజారులో ఎక్కువగా అమ్మేవి ఈ రెండు బరువులే.

‘కాల్చు’ నిప్పుతో పని, తుపాకీ వెంట వచ్చిన మాట. బాణాన్ని వేస్తాం, విడుస్తాం. ‘సంధించు’ అంటే నారికి బాణాన్ని తొడగడం వరకే. పత్రికలు ‘ప్రశ్నాస్త్రాలు సంధించారు’ అని రాసి ఊరుకుంటాయి. ఆ లెక్కన అస్త్రం ఇంకా వింట్లోనే ఉంది. బాణం ఒంట్లోంచి ఆవలికి పోవడాన్ని పాత తెలుగు ‘ఉచ్చిపోవు’ అంటుంది. చక్కని మాటే గానీ ఈ కాలపు చెవికి ఇబ్బంది. ‘ఆవలికి దూసుకుపోయింది’ అనండి. రెండు వైపులా గాయం ఉంటే నెత్తుటి జాడ బాగా దొరుకుతుంది కనుక వేటగాళ్లు దానికి విలువ ఇస్తారు. ‘బో హంటింగ్’ను ‘విల్లువేట’ అనకుండా ‘వింటివేట’ అనండి. ఇల్లు ఇంటికి, కన్ను కంటికి మారినట్టే విల్లు వింటికి మారాలి.

‘జింక’ కూడా ఆలోచించదగ్గదే. కర్నూలు వైపు రోళ్లపాడు మైదానాల్లో తిరిగే కృష్ణజింక ఇంగ్లీషు లెక్కలో డీర్ కాదు, యాంటిలోప్. దాని కొమ్ములకు కొమ్మలుండవు, రాలిపోవు. మీ అల్లుడు చెప్పేది ఏటా కొమ్ములు రాల్చే జాతి, మన చుక్కల దుప్పికి, కణితికి చుట్టం. ‘తెల్లతోక దుప్పి’ అనవచ్చు. మొత్తం వాక్యం ఇలా మారుతుంది: ‘నూరు గ్రెయిన్ల విచ్చుకునే అలుగును బాణానికి బిగించి, దుప్పి పక్కకు తిరిగి నిలిచినప్పుడు, ముందుకాలి వెనక ఊపిరితిత్తులకు గురిచూసి వేయాలి.’

అక్కడి కొన్ని రాష్ట్రాలు ‘బార్బ్‌డ్’ అలుగులను నిషేధించాయి. బ్లేడు వెనక అంచు కోలతో 90 డిగ్రీల కన్నా తక్కువ కోణంలో ఉంటే గాలపు ముల్లులా లోపలే పట్టుకుంటుంది, లాగితే రాదు. దీనికి ‘ఎదురుముళ్ల అలుగు’ సరిపోతుంది. సంస్కృతంలో ‘కర్ణి’, చెవులున్నది అని. మనుస్మృతి ఏడో అధ్యాయంలో 90వ శ్లోకం యుద్ధంలో కర్ణులనూ విషం పూసిన బాణాలనూ వద్దంటుంది. వేటకు ముందే యుద్ధంలో నిషేధమన్నమాట.

వ్యాసం మొదట్లోనే, ఇది అమెరికాలో లైసెన్సుతో చేసే వేట అని స్పష్టంగా రాయండి. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని వేటాడినా, కృష్ణజింకను వేటాడినా జైలే.

ఒక జాగ్రత్త మిగిలింది. అలుగుకు వేరే అర్థాలూ ఉన్నాయి. చెరువు అలుగుతో మన జిల్లాల్లో తికమక లేదు, నిండిన చెరువు పొంగిపారే ఆ చోటును ఇక్కడ మరవ అంటారు. కోపగించుకోవడంతోనూ లేదు, అది క్రియ. నల్లమలలో తిరిగే, ఒళ్లంతా పెంకులున్న జంతువుతోనే ఇబ్బంది. దాని పేరూ అలుగే, వేటగాళ్ల వల్ల దానికి ముప్పూ ఉంది. మీరు శీర్షికలో ‘వేటకు అలుగులు’ అని పెడితే అటవీశాఖ వారు ముందు దాని గురించే అనుకుంటారు. శీర్షికలోనూ మొదటి వాక్యంలోనూ ‘బాణపు అలుగు’ అని విడమరిచి రాసి, తర్వాతి నుంచి ‘అలుగు’ అని వదిలేయండి.