30 ఆంపుల ట్రైలర్‌కు ఏ ఎక్స్‌టెన్షన్ వైరు? గరాజులోని నారింజ రంగుది మాత్రం కాదు

మీ ట్రావెల్ ట్రైలర్ (బండి వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు) 30 ఆంపులది, క్యాంపుగ్రౌండులో కరెంటు పోస్టు దాని వైరుకు అందనంత దూరంలో ఉంటోంది, గరాజులో ఉన్న 50 అడుగుల నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరును అడాప్టరుతో కలిపి వాడుకోవచ్చా అని అడిగారు. ఏసీ నడిపే ఉద్దేశం ఉంటే వాడకూడదు. బ్యాటరీ చార్జింగుకూ నాలుగు దీపాలకూ అయితే, పోస్టులోని మామూలు మూడు పిన్నుల సాకెట్‌కు తగిలించినంతవరకు ఫరవాలేదు. టెక్సాస్‌లో ఏళ్ళ తరబడి ట్రైలర్ లాగుతున్నవాడిగా నాకు ఈ విషయంలో రెండో అభిప్రాయం లేదు, వినే ఓపిక కూడా లేదు.

భారతదేశం నుంచి వచ్చిన మనవాళ్ళకు ఇక్కడ అంచనా తప్పడానికి కారణం 230 వోల్టుల ఇళ్ళలో పెరగడమే. అక్కడ 1,500 వాట్ల గీజరు ఆరున్నర ఆంపులు తీసుకుంటే, అమెరికాలోని 120 వోల్టుల కరెంటు మీద అన్నే వాట్ల పరికరం పన్నెండున్నర ఆంపులు తీసుకుంటుంది. వైరులో పుట్టే వేడి ఆంపుల వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, లావూ పొడవూ మారని వైరులోనే వేడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. పెళ్ళిపందిట్లో సన్నటి వైరు లాగి మైకులూ ఫ్యాన్లూ నడిపించిన ధైర్యం ఇక్కడ పనికిరాదు.

ఒక జూలైలో మధ్య టెక్సాస్‌లోని ఒక స్టేట్ పార్కుకు మేమూ మరో తెలుగు కుటుంబమూ కలిసి వెళ్ళాం. వాళ్ళది అద్దె ట్రైలర్. చెట్టు నీడ కోసం దాన్ని సైటులో బాగా ముందుకు జరిపి నిలిపారు, దానితో పోస్టు వెనక ఉండిపోయింది. అద్దెకిచ్చిన సంస్థ సామాన్ల పెట్టెలో 50 అడుగుల నారింజ వైరునూ రెండు అడాప్టర్లనూ పెట్టింది. ఒకటి పోస్టులోని 30 ఆంపుల సాకెట్‌ను మామూలు సాకెట్‌గా మార్చేది, మరొకటి వైరు రెండో కొసను ట్రైలర్ ప్లగ్గుకు కలిపేది. అన్నీ చక్కగా అమిరాయి, ఏసీ తిరిగింది, రైస్ కుక్కర్ ఎక్కింది. మిగిలిన ముప్పై అడుగుల వైరు పిల్లల కాళ్ళకు తగలకుండా చుట్ట చుట్టి, మెట్టు ముందు పరిచిన చాప కింద దాచారు.

సాయంత్రం మేము వాళ్ళ సైటుకు వెళ్ళేసరికి, నరసరావుపేట నుంచి వచ్చిన వాళ్ళ అమ్మగారు ఆ చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ, "ఈ ఊళ్ళో నీడలో కూడా నేల ఇంత కాలుతుందేమిటమ్మా" అన్నారు. నీడలోని నేల అలా కాలదన్న అనుమానంతో చాప ఎత్తి చూస్తే, వైరు చుట్ట మెత్తబడి ఒక వరుస మరో వరుసకు అంటుకుపోతోంది. పరుగున వెళ్ళి పోస్టులో బ్రేకర్ ఆపాను. ఆవిడ కొడుకు మాత్రం నమ్మలేదు. "బ్రేకర్ దానంతట అది పడలేదు కదన్నా, ఎక్కువైతే అదే పడేది కదా" అన్నాడు.

ఆ మాటలోనే ఉంది ప్రమాదమంతా. పోస్టులోని ఆ బ్రేకర్ 30 ఆంపులది, అంతకు మించితేనే దానికి పని. వైరు 16 గేజ్‌ది (గేజ్ అంటే తీగ లావును తెలిపే సంఖ్య), అది భరించగలిగేది 13 ఆంపులు. ట్రైలర్ పైకప్పు ఏసీకి సుమారు 15, రైస్ కుక్కర్‌కు 6 కలిపి 21 ఆంపులు పోతున్నా బ్రేకర్ దృష్టిలో అంతా సవ్యమే. మామూలు సాకెట్‌లో పెట్టి ఉంటే 20 ఆంపుల బ్రేకర్ అయినా కాసేపటికి పడే అవకాశం ఉండేది, అడాప్టరు ఆ కాస్త అడ్డునూ తొలగించింది. 16 గేజ్ రాగి తీగకు వెయ్యి అడుగులకు 4 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 50 అడుగుల వైరులో కరెంటు వెళ్ళి రావాలి కాబట్టి 100 అడుగుల లెక్క, అంటే 0.4 ఓమ్‌లు. 21 ఆంపుల మీద అది సుమారు 176 వాట్ల వేడి. అందులో నూరు వాట్లకు పైగా ఆ చుట్టలోనే పుడుతోంది. పాతకాలపు నూరు వాట్ల బల్బును వెలిగించి చాప కింద పెట్టి, దాని మీద పెద్దావిడను కూర్చోబెట్టినట్టన్నమాట.

ఏసీకి జరిగిన అన్యాయం వేరే ఉంది. అందరూ ఏసీలు వేసుకునే వేళ కావడంతో పోస్టు దగ్గరే 114 వోల్టులు ఉన్నాయి. అందులో ఎనిమిదికి పైగా వైరు తినేస్తే ట్రైలర్‌కు చేరేవి 105 వోల్టులు. వోల్టేజీ తగ్గిన కొద్దీ కంప్రెసర్ మోటారు మరిన్ని ఆంపులు లాగుతుంది, లోపల చుట్టలు వేడెక్కుతాయి, బయలుదేరేటప్పుడు మూలుగుతుంది. వోల్టేజీని కనిపెట్టి కరెంటు ఆపేసే రక్షణ పరికరాలు సాధారణంగా 102–104 వోల్టుల దగ్గర ఆపుతాయి, అందువల్ల ఆ రోజు అలాంటిది ఉన్నా ఊరుకునే ఉండేది. ఆ పరికరాల మీద మూడువందల డాలర్లు పెట్టి, వైరు దగ్గర ముప్పై డాలర్లకు వెనకాడేవారిని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇక వైరు తయారీదారుల సంగతి చెప్పనక్కరలేదు. అట్టపెట్టె మీద పొడవు అరచేయంత అక్షరాల్లో ఉంటుంది, "హెవీ డ్యూటీ" అన్న మాట అంతకంటే పెద్దగా ఉంటుంది, గేజ్ సంఖ్య కోసం మాత్రం కళ్ళజోడు తీయాలి.

మీరు కొనవలసినది 10 గేజ్, మూడు తీగల వైరు, ఒక కొసకు 30 ఆంపుల ట్రైలర్ ప్లగ్గూ, రెండో కొసకు దానికి సరిపోయే సాకెట్టూ ఉన్నది. గేజ్ సంఖ్య తగ్గిన కొద్దీ తీగ లావు పెరుగుతుంది, 12 గేజ్‌ది 20 ఆంపులకు, 14 గేజ్‌ది 15 ఆంపులకు మాత్రమే. వైరు తొడుగు మీద 10/3 అనీ, ఆరుబయట వాడకానికి పనికివస్తుందని తెలిపే డబ్ల్యూ అక్షరమూ, భద్రతా పరీక్షలో నెగ్గిందని తెలిపే యూఎల్ లేదా ఈటీఎల్ గుర్తూ చూసి తీసుకోండి. ఊరూపేరూ లేని చవక వైర్లలో రాగి పూత వేసిన అల్యూమినియం కూడా ఉంటుంది. 50 అడుగులది కాక 25 అడుగులదే కొనమంటాను. దానిలో 30 ఆంపుల మీద కూడా నష్టం ఒకటిన్నర వోల్టు మాత్రమే, పైగా మిగిలిన వైరును ఎక్కడ దాచాలన్న బెడద ఉండదు. 50 ఆంపుల ట్రైలర్ అయితే 6 గేజ్ వైరు కావాలి, దాన్ని మోయడమే ఒక శిక్ష.

అసలు ఎక్స్‌టెన్షన్ అవసరమయ్యేది పదింట తొమ్మిదిసార్లు ట్రైలర్ నిలిపిన తీరు వల్లేనని నా నమ్మకం. ట్రైలర్‌ను వెనక్కి నడిపి నిలిపే సైట్లలో పోస్టు సాధారణంగా డ్రైవరు వైపు, వెనక భాగానికి దగ్గరగా ఉంటుంది, ట్రైలర్ వైరు బయటికి వచ్చేదీ ఆ వైపే. నీడ మీద ఆశ వదులుకుని నాలుగడుగులు వెనక్కి జరిపితే సొంత వైరే అందుతుంది.

తగిలించేటప్పుడూ ఊడదీసేటప్పుడూ ముందు పోస్టులో బ్రేకర్ ఆపాలి, లేకపోతే నిప్పురవ్వలు లేచి పిన్నులు నల్లబడతాయి. వైరును పూర్తిగా విప్పి పరవాలి. చుడితే అయస్కాంతశక్తి పుట్టి వేడెక్కుతుందని కొందరు చెబుతారు గానీ, వెళ్ళే తీగా వచ్చే తీగా పక్కపక్కనే ఉండడంతో ఆ ప్రభావం రద్దయిపోతుంది. వేడి బయటికి పోయే దారి లేకపోవడమే కారణం. రెండు వైర్లు కలిసే చోటును నీళ్ళు నిలిచే నేల మీద వదలకుండా ఎత్తుగా ఉంచాలి. ఏసీ వేసిన అరగంటకు ప్లగ్గును చేత్తో తాకి చూడాలి. గోరువెచ్చగా ఉంటే సరే, పట్టుకోలేనంత వేడిగా ఉంటే ఆ సాకెట్ పట్టు వదులైపోయిందని అర్థం. అలాంటప్పుడు అదే పోస్టులో 50 ఆంపుల సాకెట్ ఉంటే, సరైన అడాప్టరుతో దానికి మారవచ్చు. ట్రైలర్ లోపలి 30 ఆంపుల మెయిన్ బ్రేకర్ వాడకాన్ని అదుపులో ఉంచుతుంది కాబట్టి ఇది నారింజ వైరు తంటా లాంటిది కాదు. నీళ్ళ హీటరును గ్యాసు మీదకు మారిస్తే పన్నెండు ఆంపులు మిగులుతాయి, రైస్ కుక్కర్‌కు అవి చాలు.

ట్రైలర్ కోసం ఇంటి దగ్గర 30 ఆంపుల సాకెట్ పెట్టించుకునేవారికి ఒక మాట. దాని ఆకారం చూసి, బట్టలారబెట్టే యంత్రానికి పెట్టేదే అనుకుని 240 వోల్టులు ఇచ్చే ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. ట్రైలర్‌కు కావలసినవి 120 వోల్టులే, 240 ఎక్కితే మైక్రోవేవ్, బ్యాటరీని చార్జ్ చేసే కన్వర్టర్, టీవీ వరసగా మాడిపోతాయి. ఆ పని చేసిన మనిషి ఇంకా మీ డ్రైవ్‌వేలో ఉండగానే మీటరు పెట్టి చూపించమనండి, 120 కనిపించాకే డబ్బులివ్వండి.